చాసిబ్ ముట్టని టీ

చాసిబ్ ఇరాక్ సైన్యంలోకి రాకముందు బస్రాలో మినీబస్సు నడిపేవాడు. అషార్ నుంచి జుబైర్‌కి, జుబైర్ నుంచి అషార్‌కి. పొట్టి మనిషి, లావు మెడ, ఒకపక్కకి వాలిన ముక్కు. ఆ ముక్కు ఎలా విరిగిందని అడిగినవాళ్లకి రోజుకొక కథ చెప్పేవాడు. బస్సు తలుపు తగిలిందని ఒకరోజు, పిల్లనడగడానికి వెళితే పిల్ల తల్లి గుద్దిందని ఇంకోరోజు. అసలు కథ ఏమిటో ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తెలియదు.

మేమిద్దరం ఒకే రోజు పట్టుబడ్డాం. బస్రాకి తూర్పున, బురదలో. చేతులు వెనక్కి కట్టి మమ్మల్ని లారీ ఎక్కిస్తుంటే అతను ఇరానీ కాపలావాణ్ణి, "టికెట్టు ఎక్కడిదాకా కొట్టమంటావు?" అని అడిగాడు. వాడికి అరబ్బీ రాదు. మాకు వచ్చు. చావు ఖాయమనుకుంటున్న మాలో ఒకడు ముక్కులోంచి నవ్వి, తుపాకీ మడమతో దెబ్బ తిన్నాడు. ఇలాంటివాడి పక్కన ఉంటే దెబ్బలు తప్పవని నేను ఆరోజే అనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతని దుప్పటికి దగ్గరలోనే పడుకున్నాను.

శిబిరం కొండల మధ్య ఉండేది. మంచు అనేదాన్ని అంతకుముందు మాలో చాలామంది చూడలేదు. పొడవాటి హాలు, ఒక కొసన కిరోసిన్ పొయ్యి. పొద్దున రొట్టె, టీ. మధ్యాహ్నం పప్పునీళ్లు. చాసిబ్ ఆ నీళ్లలో చెంచా తిప్పి, "ఈపూట గింజ ఒకటి కనిపించింది. ఎవరూ అరవకండి, ఒంటరిది, బెదురుతుంది" అనేవాడు.

టీతో పాటు చక్కెర బిళ్లలు ఇచ్చేవారు. ఇరానీలు బిళ్లని పళ్ల మధ్య పెట్టుకుని, దాని మీదుగా టీ తాగుతారు. మేం టీలో వేసి కరిగించేవాళ్లం. యదుల్లా అని ఒక ముసలి కాపలావాడు అది చూసి తట్టుకోలేకపోయేవాడు.

"అలా కాదయ్యా, పళ్ల మధ్య, పళ్ల మధ్య" అనేవాడు.

"యదుల్లా మామా, మీరు చక్కెరని ముద్దు పెట్టుకుంటారు, మేం ముంచి చంపుతాం. మన గొడవంతా ఇదే, పెద్దోళ్లకి చెప్పు" అన్నాడు చాసిబ్, వచ్చీరాని ఫారసీలో.

యదుల్లా నవ్వి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూసుకున్నాడు.

లఫ్తా మా తర్వాత ఏడాదికి వచ్చాడు, మా ఇద్దరి దుప్పట్ల మధ్య చోటిచ్చాం. అమారా అవతల, నీళ్ల మధ్య పల్లె అతనిది. అక్కడ షేకు గారి రెల్లు సావిడిలో కాఫీ కాచేవాడు. తండ్రి పని కూడా అదే. వచ్చినవాడు మిత్రుడా, పగవాడా అని అడగకుండా ముందు కూర్చోబెట్టడం, కూర్చున్నాక "అల్లా బిల్‌ఖైర్" అని పలకరించడం, కాఫీ పోయడం. ఆ సావిడిలో పెరిగినవాడికి లోకంలో మనుషులు రెండే రకాలు: వచ్చి కూర్చున్నవాళ్లు, ఇంకా కూర్చోనివాళ్లు.

హాలులో కాఫీ లేదు. లఫ్తా రొట్టె అడుగున మాడిన పెచ్చులు దాచి, పొయ్యి మీద ఇంకా మాడ్చి, నలిపి, పాలడబ్బాలో మరిగించేవాడు. ఎడమచేత్తో డబ్బా, కుడిచేత్తో రేకు కప్పు. దుప్పటి మీదికి ఎవరొచ్చి కూర్చున్నా పోసేవాడు. చాలనుకున్నవాడు కప్పుని అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. ఆడించకపోతే మళ్లీ పోయాలి. చాసిబ్ ఆడించేవాడు కాదు.

"ఆడించరా."

"చెయ్యి పడిపోయింది."

"ఇది మాడిన రొట్టె నీళ్లురా బాబూ. ఎంతని తాగుతావు?"

"నీ మర్యాద ఎంత లోతుందో చూస్తున్నా. ఇంకా అడుగు తగల్లేదు."

ఎవరికైనా అడగాల్సింది ఉంటే కప్పు తాగకుండా నేలమీద పెట్టేవారు. లఫ్తా ఊళ్లో అది పద్ధతి. అప్పుడు ఆతిథ్యం ఇచ్చేవాడు అడిగినదానికి ఒప్పుకుని, "తాగు" అనాలి. అలాగే చల్లారనిస్తే అది అతనికి తలవంపు. మొదట్లో మేం దాన్ని ఆటగా తీసుకున్నాం. తర్వాత హాలులో తగాదా పడినవాళ్లు వచ్చి లఫ్తా ముందు కప్పు పెట్టి కూర్చోవడం మొదలైంది. అతను లేచి వెళ్లి రెండోవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు.

యుద్ధం ఆగిందని లౌడ్‌స్పీకర్‌లో చెప్పిన రోజు మేమంతా దుప్పట్లు మడిచి పెట్టుకున్నాం. కొన్నాళ్లకి మళ్లీ విప్పుకున్నాం. చలికాలం వచ్చింది, వెళ్లింది. యుద్ధం నడుస్తున్నంతకాలం, అది అయిపోతే వెళ్తాం అని అనుకోవడానికి ఒక మాట ఉండేది. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. మనుషులు గోడవైపు తిరిగి పడుకోసాగారు. కూత్ నుంచి వచ్చిన వడ్రంగి ఒకడు ఒక పొద్దున తలల లెక్కకి లేవలేదు. జబ్బేమీ లేదు. లేవలేదు, అంతే. వాణ్ణి మోసుకెళ్లాక వాడి దుప్పటి ఎవరూ తీసుకోలేదు. ఆ చలిలో, ఎవరూ.

చాసిబ్ జోకులు వేస్తూనే ఉన్నాడు. కాకపోతే, వేశాక ముందులా మా ముఖాలు చూడడం మానేశాడు.

యుద్ధం ఆగాక రెండో చలికాలంలో లఫ్తాకి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఒకరోజు చాసిబ్ ఆ గుడ్డ లాక్కుని చూశాడు. మళ్లీ మడిచి తిరిగి ఇచ్చేశాడు. శిబిరం ఆసుపత్రిలో తెల్లబిళ్లలు ఇచ్చారు. మోకాలి నొప్పికి కూడా అవే బిళ్లలు ఇచ్చేవారు. చలికాలం సగం గడిచేసరికి లఫ్తా మెడ దగ్గర చొక్కా కాలర్ వదులై వేలాడసాగింది. కాఫీ పోసేటప్పుడు డబ్బా వణికేది.

అప్పుడే యదుల్లా ఆ కబురు తెచ్చాడు. విదేశీ డాక్టర్ల కమిషన్ ఒకటి వస్తోందట. బాగా జబ్బుపడ్డవాళ్లని ఇళ్లకి పంపించేస్తారట. డాక్టరు హాలులో ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి అడుగుతాడు. జబ్బు ఉందన్నవాడికి అట్టముక్క ఇచ్చి పరీక్ష గదికి పంపుతాడు. బాగున్నానన్నవాణ్ణి వదిలేసి ముందుకు పోతాడు. ఒకరి గురించి ఇంకొకరు మాట్లాడకూడదు. ఇంకో శిబిరంలో అలా అరుపులు, కొట్లాటలు జరిగాయట.

హాలంతా లఫ్తావైపు చూసింది. లఫ్తా పొయ్యివైపు చూశాడు.

"ఒరేయ్, నీ పని అయిపోయింది. ఇంటికెళ్తున్నావు" అన్నాడు చాసిబ్.

"నాకంటే బాగోలేనివాళ్లు ఉంటారు."

"ఉంటారు. వాళ్లని స్మశానంలో అడగాలి."

మరునాటి నుంచి చాసిబ్ అతనికి తర్ఫీదు మొదలుపెట్టాడు. తువ్వాలు మెడలో వేసుకుని, గరిటె చేత పట్టుకుని డాక్టరై వచ్చి, లఫ్తా దుప్పటి ముందు నిలబడేవాడు.

"ఎలా ఉన్నావు?"

"దేవుడి దయ వల్ల కులాసా అయ్యా. మీరెలా ఉన్నారు? ప్రయాణం బాగా జరిగిందా?"

"నా ప్రయాణం సంగతి నీకెందుకురా? నీకు రక్తం పడుతోందా, లేదా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"అతిథికి చెప్పేంత కాదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చాసిబ్ గరిటె నేలకేసి కొట్టాడు.

"ఇటు చూడు. రోగిని నేను. అబూ ముంతహా, నువ్వు డాక్టరువి, అడుగు."

అబూ ముంతహా అంటే నేను. ఎలా ఉన్నావని అడిగాను. చాసిబ్ నేలమీద పడి పొర్లాడు.

"అయ్యా డాక్టరుగారూ, పోతున్నా. రాత్రంతా దగ్గు, పొద్దున రక్తం. ఒంట్లో సగం మనిషినే మిగిలాను, ఆ సగం కూడా వేరేవాడిది. మా ఆవిడకి చెప్పండి, మళ్లీ పెళ్లి చేసుకోమనండి. కానీ ఎదురింటి షనావాని మాత్రం వద్దనండి, వాడు నాకు టైరు బాకీ."

"నీకు పెళ్లే కాలేదుగా" అన్నాడు లఫ్తా.

"చూశారా డాక్టరుగారూ, జబ్బు ఎంత ముదిరిందో. లేని పెళ్లాం కనపడుతోంది."

ఆ నవ్వుకి గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు ఒకరిద్దరు ఇటు తిరిగారు. మర్నాడు మధ్యాహ్నం పప్పునీళ్లు అయ్యీ కాకముందే వాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ మర్నాడు ఇంకొందరు. లఫ్తా ప్రతిసారీ తప్పే చెప్పేవాడు. డాక్టరు ఇంట్లో పిల్లల క్షేమం అడిగేవాడు. దగ్గు వస్తే, "మన్నించాలి, పొగ" అనేవాడు. అతను తప్పు చెప్పినప్పుడల్లా హాలు నవ్వేది. నవ్వు విని లఫ్తా బుగ్గల్లో కాస్త రంగు వచ్చేది.

ఇది ఎటు పోతోందో అందరికంటే ముందు చాసిబ్‌కే అర్థమైంది. ఒకరోజు జనం చేరగానే తువ్వాలు తీసి పక్కన పడేశాడు.

"లేవండి. ఇక ఆట లేదు."

"ఒక్కసారి చాసిబ్, ఆ పిల్లల క్షేమం దగ్గర..."

"వీడు చస్తున్నాడు, మీకు నవ్వొస్తోంది. లేవండి."

అతను ఆ గొంతుతో మాట్లాడడం అంతకుముందు మేమెవరమూ వినలేదు. అందరూ లేచి వెళ్లారు. నేను పక్క దుప్పటివాణ్ణి కాబట్టి ఉండిపోయాను. చాసిబ్ లఫ్తా ముందు నిలబడి మామూలుగా అడిగాడు. మళ్లీ అడిగాడు. చివరికి లఫ్తా తలొంచుకుని, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా, "బాగోలేదు. రక్తం పడుతోంది" అన్నాడు. చాసిబ్ వంగి అతని నెత్తి మీద ముద్దు పెట్టాడు.

కమిషన్ వచ్చిన రోజు పొద్దున హాలు ఊడ్పించారు. మేం దుప్పట్ల మీద వరసగా కూర్చున్నాం. డాక్టరు తెల్లజుట్టు మనిషి, పొడుగు. మోకాళ్లు బాగోలేవనుకుంటాను, ఒక్కో దుప్పటి దగ్గరా వంగినప్పుడల్లా తొడ మీద చెయ్యి వేసుకుని లేస్తున్నాడు. పక్కన దుబాసీ. పేరు ఫాలెహ్. సరిహద్దుకి ఇరాన్ వైపున్న అరబ్బు. వెనక ఇద్దరు అధికారులు.

ముందు నా వంతు. ఫిరంగిగుండు పక్కనే పేలినప్పటి నుంచి నా ఎడమ చెవి వినపడదు, చీము కారుతుంది. చెప్పాను. అట్టముక్క ఇచ్చి తలుపు దగ్గరి వరసలో నిలబడమన్నారు. లేచి నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను.

అంతసేపూ వంగి లేచి అలిసిపోయాడేమో, డాక్టరు లఫ్తా దగ్గరికి వచ్చి, అమ్మయ్య అన్నట్టు అతని దుప్పటి మీద కూర్చున్నాడు.

చాసిబ్ అన్నీ నేర్పాడు. కానీ నేర్పినంతకాలం డాక్టరుగా నిలబడే ఉన్నాడు.

లఫ్తా వెన్ను నిటారుగా అయింది. కాళ్లు సర్దుకుని, కాలర్ సవరించుకుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"అల్లా బిల్‌ఖైర్" అన్నాడు.

ఫాలెహ్ అలవాటుగా బదులు పలికి, "ఒంట్లో ఎలా ఉంది అని అడుగుతున్నారు" అన్నాడు.

"దేవుడి దయ. అంతా బాగుంది. ఆయన్ని కాళ్లు చాపుకోమనండి, మోకాళ్లు నొప్పిగా ఉన్నట్టున్నాయి."

"జబ్బేమీ లేదా?"

చాసిబ్ తన దుప్పటి మీద నుంచి సగం లేచాడు. వెనకనున్న అధికారి వేలు చూపించగానే కూర్చున్నాడు. లఫ్తా మెడ నరాలు బిగుసుకున్నాయి. దగ్గు వస్తోంది, దాన్ని లోపలే నొక్కుతున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొక్కేశాడు. దిండు కింద దాచుకున్న రెండు చక్కెర బిళ్లలు తీసి, అరచేతిలో పెట్టి డాక్టరుకి అందించాడు.

"ఇంకేమీ లేదు, మన్నించమనండి. మీరు శ్రమపడి వచ్చారు."

డాక్టరు ఒక బిళ్ల తీసుకుని, నవ్వి, అతని భుజం తట్టి లేచాడు. లఫ్తా పని అయిపోయింది. అంతే సేపు పట్టింది.

తర్వాత చాసిబ్.

"రాత్రంతా దగ్గు. పొద్దున రక్తం. ఒంట్లో సగమే మిగిలాను" అన్నాడు చాసిబ్.

అవి మా అందరికీ కంఠతా వచ్చిన మాటలు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించారు. చాసిబ్ ముఖంలో ఏమీ లేదు. అట్టముక్క అందుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేనేదో అనబోతే, "మాట్లాడకు అబూ ముంతహా" అన్నాడు.

పరీక్ష గదిలో పొయ్యి ఉంది. చలికి వణుకుతూ వచ్చినవాళ్లకి డాక్టరు మొదట టీ ఇప్పిస్తున్నాడు. నా చెవి చూసి తల అడ్డంగా ఊపాడు. చెవి జబ్బుకి ఇంటికి పంపరు. చుక్కల మందు పోస్తారని, బల్ల మీద కూర్చోమన్నారు. చాసిబ్ చేతికి టీ గ్లాసు ఇచ్చి, చొక్కా ఎత్తించి, వీపు మీద, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. మళ్లీ విన్నాడు. ఏదో అన్నాడు.

"నీ ఊపిరితిత్తులు దున్నపోతుకి ఉన్నట్టున్నాయట. ఎందుకు అబద్ధం చెప్పావు?" అన్నాడు ఫాలెహ్.

"నావి బాగుంటాయని నాకు తెలుసయ్యా. బాగోలేనివి నా పక్క దుప్పటివాడివి. చక్కెర ఇచ్చాడే, వాడివి."

"వాడు బాగున్నానన్నాడుగా."

"ఈయన కూర్చున్నాడు కాబట్టి అన్నాడు. నిలబడి అడిగితే నిజం చెప్పేవాడు. వాడు సావిడిలో కాఫీ కాచేవాడయ్యా, దుప్పటి మీద కూర్చున్నవాడికి చావుకబురు చెప్పడు."

ఫాలెహ్ నవ్వాడు. "నువ్వు చాసిబ్‌వి కదూ? చక్కెర గొడవ చెప్పింది నువ్వేగా? కాపలావాళ్లు చెప్పారులే నీ గురించి." డాక్టరువైపు తిరిగి నవ్వుతూనే ఏదో చెప్పాడు. డాక్టరూ నవ్వాడు.

"నవ్వకండి" అన్నాడు చాసిబ్.

ఇద్దరూ ఇంకా నవ్వారు. ఆ ముక్కుతో, ఆ లావు మెడతో అతను ఆ మాట అనడమే నవ్వు పుట్టించేలా ఉంది. తలుపు దగ్గర అధికారి గడియారం చూసుకున్నాడు. బయట వరస ఇంకా ఉంది.

చాసిబ్ నేలమీద కూర్చుని, టీ గ్లాసుని తన ముందు పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

తాగమని డాక్టరు సైగ చేశాడు. చాసిబ్ కదల్లేదు.

"తాగి లే" అన్నాడు అధికారి.

చాసిబ్ గ్లాసు వైపే చూస్తున్నాడు. దాని మీద ఆవిరి సన్నబడుతోంది. ఫాలెహ్ నోటి చివర ఇంకా నవ్వు ఉంది. గ్లాసు చూశాక అది పోయింది.

"నీది ఏ ఊరు?" అన్నాడు.

"బస్రా."

"బస్సులు నడిపేవాడివి. నీకీ పద్ధతి ఎక్కడిది?"

"వాడి దగ్గర నేర్చుకున్నా."

ఫాలెహ్ డాక్టరుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో గ్లాసువైపు చూపించాడు, ఒకసారి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. డాక్టరు ఏదో అడిగాడు. ఫాలెహ్ భుజాలెగరేసి రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. ఒప్పుకోకపోతే ఏమవుతుందని ఆయన అడిగాడనీ, ఏమీ కాదు, చల్లారిపోతుందని తను చెప్పాననీ చుక్కలు పోసేటప్పుడు ఫాలెహ్ నాతో అన్నాడు.

డాక్టరు గ్లాసు చూశాడు, చాసిబ్‌ని చూశాడు.

"వచ్చి చూస్తానంటున్నారు. ఏం దొరుకుతుందో తన చేతిలో లేదంటున్నారు" అన్నాడు ఫాలెహ్.

"అంతే చాలు" అని చాసిబ్ ఆ టీ ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు కింద పెట్టబోతే అది దొర్లిపోయింది.

లఫ్తాని గదికి పిలిపించారు. పొయ్యి పక్కన నిలబెట్టి చొక్కా విప్పించారు. పక్కటెముకలు చూడగానే అధికారి ముఖం తిప్పుకున్నాడు. డాక్టరు చాలాసేపు గొట్టం పెట్టి విన్నాడు. దగ్గమన్నాడు. ఆపుకున్న దగ్గంతా ఒక్కసారి వచ్చింది. గుడ్డ తీసుకునే సమయం కూడా లేకపోయింది. లఫ్తా నేలమీద పడిన దాన్ని చూసి, "మన్నించండి, మీ గది..." అని కాలితో తుడవబోయాడు. డాక్టరు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

అలా లఫ్తా వెళ్లేవాళ్లలో చేరాడు.

కమిషన్‌కి అబద్ధం చెప్పినందుకు చాసిబ్‌ని చన్నీళ్ల గదిలో పెట్టారు. తిరిగి వచ్చినప్పుడు పెదాలు నల్లబడి ఉన్నాయి. వస్తూనే లఫ్తా దుప్పటి మీద కూర్చుని, "కాఫీ ఏదిరా?" అన్నాడు. లఫ్తా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆయన ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు" అన్నాడు, గోడతో.

"అవును, చేశా."

"నన్ను అడక్కుండా చేశావు."

"అడిగితే బాగున్నానంటావు."

వేరే రోజైతే హాలు నవ్వేది. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత లఫ్తా పెచ్చులు మాడ్చడం మానేశాడు. చాసిబ్ రోజూ అతని పక్కన కూర్చుని తనకి తెలిసినవన్నీ చెప్పేవాడు. బస్సులో మేక ఎక్కిన కథ, అధికారి విగ్గు కథ. ఏదీ పనిచేయలేదు. మిగిలినవాళ్లం నవ్వేవాళ్లం, లఫ్తాకి వినపడాలని. ఒకరోజు మాత్రం అతను ఇటు తిరక్కుండానే మాట్లాడాడు.

"నేనొక్కణ్ణే అక్కడికి వెళ్లి ఏం చెప్పాలి? మీవాళ్లు వస్తారు. మావాడు ఎలా ఉన్నాడని అడుగుతారు. ఏం చెప్పాలి?"

"బాగున్నాడని చెప్పు. అది నీకు బాగానే వచ్చుగా."

లఫ్తా దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు. చాసిబ్ తన నోటి మీద తనే కొట్టుకున్నాడు.

లఫ్తా ఊరు చేరాడు. ఆ సంగతి మమ్మల్ని వదిలాక గానీ మాకు తెలియలేదు. చాసిబ్ అమారా వెళ్లి, అక్కడి నుంచి పడవలో ఆ పల్లెకి వెళ్లాడు. లఫ్తా వసంతమంతా సావిడి గుమ్మం దగ్గర ఎండలో పడుకున్నాడట. వేసవి చూడలేదట. చాసిబ్ ఈమధ్య దాకా అషార్‌లో బ్యాటరీల షాపు నడిపాడు. తర్వాత పెళ్లయి పుట్టిన పిల్లలెవరికీ లఫ్తా పేరు పెట్టుకోలేదు. పెట్టమని నేనే అంటే, "వాడు ఊరుకోడు, పిల్లాడు ఏడిస్తే వాడికి నామోషీ" అన్నాడు.

కానీ లారీ వచ్చిన పొద్దున మాకు ఇవేవీ తెలియవు. మంచు మోకాలిలోతు ఉంది. లఫ్తాని నేనూ చాసిబ్ దుప్పటిలో మోసుకొచ్చి లారీ వెనకభాగంలో, మిగతా రోగుల పక్కన పడుకోబెట్టాం. లఫ్తా మాకు కృతజ్ఞతలు చెప్పాడు, ఇద్దరికీ కలిపి, కొత్తవాళ్లకి చెప్పినట్టు. చాసిబ్ సరే అన్నాడు.

ఇంజను స్టార్ట్ కాలేదు. డ్రైవరు తిప్పుతూనే ఉన్నాడు. అది దగ్గి, దగ్గి ఆగిపోతోంది. గేటు దాకా నేల పల్లంగా ఉందని, మా హాలువాళ్లనందరినీ తోయమన్నారు. చాసిబ్ వెనక మధ్యలో భుజం ఆనించాడు. లఫ్తా తల సరిగ్గా అతనికి ఎదురుగా, చేతికందే దూరంలో ఉంది. నేను అతని పక్కన తోస్తున్నాను.

"వద్దు. మీకు శ్రమ" అన్నాడు లఫ్తా.

"నోరు ముయ్. ఒకటి, రెండు..."

లారీ కదిలింది. కాళ్లు జారుతున్నాయి. వెనకనుంచి యదుల్లా కూడా వచ్చి తోయసాగాడు.

"చాసిబ్."

"ఏంటి?"

"నాకు బాగోలేదురా. చాలా భయంగా ఉంది."

చాసిబ్ తోస్తూనే ఉన్నాడు. నోరు తెరిచాడు. జీవితంలో ఎప్పుడూ మాటకి తడుముకోనివాడు. నేను అతనివైపు చూశాను. ఊపిరి పొగలా వస్తోంది గానీ మాట రావడం లేదు.

ఇంజను అందుకుంది. లారీ ఒక్కసారిగా మా చేతుల్లోంచి ముందుకు పోయింది. ఆనుకున్నది లేకపోయేసరికి అందరం, యదుల్లాతో సహా, ముఖాలు మంచులో పెట్టి పడ్డాం. టోపీలు ఊడిపోయాయి. ఒకడి నోట్లో మంచు నిండింది. లేచి ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. అధికారి కూడా అరవబోయి నవ్వాడు. హాలులో అంత నవ్వు ఆ చలికాలంలో ఒక్కనాడూ లేదు.

లారీ గేటు దాటి మలుపు తిరిగింది. చాసిబ్ ఇంకా లేవలేదు. ముఖం మంచులో అలాగే ఉంది, రెండు చేతులూ ముందుకు చాచి, లారీని ఇంకా తోస్తున్నట్టు. లేవమని యదుల్లా అరిచాడు. తర్వాత అరవడం మాని, వచ్చి అతని పక్కన మంచులో కూర్చున్నాడు.